జేసీ రోడ్డులో ఫిల్టర్ల కొట్టు, ఇంటి ముందు నా మెకానిక్ పని

చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే మా స్విఫ్ట్ డీజిల్ రొప్పడం మొదలుపెట్టింది. వెనక సీట్లోంచి మా అత్తగారు "బండికి ఆయాసం వచ్చినట్టుంది నాయనా" అన్నారు. నిజంగా అలాగే ఉంది. చదునైన రోడ్డు మీద బాగానే పోతుంది, ఎత్తు రాగానే ఎంత తొక్కినా పికప్ ఉండదు. పైగా పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకునే బండి రెండు మూడు కొట్టించుకుంటోంది. సర్వీస్ సెంటర్లో చూపిస్తే డీజిల్ ఫిల్టర్ మార్చాలన్నారు. కూలితో కలిపి 2,600 చెప్పి, పనిలో పనిగా ఇంజెక్టర్ (ఇంజన్లోకి డీజిల్ చిమ్మేది) క్లీనింగ్ కూడా అంటగట్టబోయారు. ఆలోచించి చెప్తానని బయటపడ్డాను. అప్పటిదాకా నేను బండికి చేసిన రిపేరంటే వైపర్లు మార్చడమే.

మాది బెంగళూరు బీటీఎంలో మైకో లేఅవుట్. ఫిల్టరు నేనే కొని వేసుకుందామని బండి విడిభాగాల కొట్లుండే జేసీ రోడ్డుకి బయల్దేరాను. అక్కడికి కారులో వెళ్తే పార్కింగ్ కోసం టౌన్ హాల్ చుట్టూ ప్రదక్షిణలు చేయాలి. 2025 ఆగస్టులో పసుపు లైను మెట్రో వచ్చి ఆ బాధ తప్పించింది. ఆర్‌వీ రోడ్డులో గ్రీన్ లైనుకి మారి, కేఆర్ మార్కెట్‌లో దిగి నడిచాను. కొట్టు మెయిన్ రోడ్డు మీద కాదు, పక్క సందులో ఉంది. బోర్డు మీద పేరు సగం చెరిగిపోయింది. గుమ్మానికి ఫ్యాన్ బెల్టులు పూలదండల్లా వేలాడుతుంటాయి, అదే గుర్తు.

కౌంటర్లో పెద్దాయనది కోలారు వైపు తెలుగు. నేను గొప్పగా "2014 స్విఫ్ట్ డీజిల్" అన్నాను. "అది చాలదప్పా, చాసిస్ నంబరు చెప్పు" అన్నాడు. ఆర్సీ ఫోటో చూపించాను. లోపలికెళ్లి డబ్బా తెచ్చి, "మైకోది ఇస్తాండా" అన్నాడు. డబ్బా మీద బాష్ అని ఉంది. 1951లో మైకోగా మొదలైన కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది గానీ ఈయన నోట్లో మాత్రం మారలేదు. మా లేఅవుట్ పేరులోనూ మారలేదు. ఫిల్టరు 840.

ఇంతవరకు ఏ కొట్టయినా చేస్తుంది. డబ్బులు తీసుకునే ముందు ఆయన "ఎవరు వేసేది?" అని అడిగాడు. నేనే అన్నాను. ఒకసారి ఎగాదిగా చూసి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. పాత ఫిల్టరు అడుగున నీళ్లు చేరితే చెప్పే సెన్సర్ ఉంటుంది, అది విప్పి కొత్తదానికి పెట్టుకోవాలి, దాని ఓరింగు (రబ్బరు రింగు) మాత్రం పాతది వేయొద్దు అని 20 రూపాయల ఓరింగు చేతిలో పెట్టాడు. వేసే ముందు డీజిల్‌తో తడపమన్నాడు, పొడిగా వేస్తే మెలి తిరుగుతుందట. ఏ పైపు ఎక్కడుందో విప్పకముందే ఫోటో తీసుకోమన్నాడు. "ఇంజెక్టర్ల దగ్గర సన్న ఇనుప పైపులుంటాయి, వాటి జోలికి పోవద్దు." ఆ పైపుల్లో బండి నడిచేటప్పుడు ప్రెషర్ వెయ్యి బార్ (ప్రెషర్ కొలత) కూడా దాటుతుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. అందుకే ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టాను. చివరికి పైపులు బిగించే హోస్ క్లిప్పులు రెండు కూడా తీసుకోమన్నాడు, 30 రూపాయలు. అంటగడుతున్నాడేమో అని వద్దన్నాను. సర్వీస్ సెంటర్ దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది కదా.

ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు బండి పెట్టి బానెట్ ఎత్తాను. కింద పాత బేసిన్, పక్కన మా ఆవిడ ఇచ్చిన చీర ముక్కలు. రెండో పైపు లాగుతుండగానే తుప్పు పట్టిన క్లిప్పు పుటుక్కుమంది. డీజిల్ చేతులతో హార్డ్‌వేర్ షాపు దాకా నడిచి అదే క్లిప్పు 40కి కొన్నాను.

పాత ఫిల్టర్‌లోది గాజు సీసాలోకి వంపి పది నిమిషాలు వదిలేశాను. పైన చిక్కటి టీ రంగులో డీజిల్, అడుగున వేలెడు మందాన నీళ్లు. ఆ రెండింటి మధ్య కాఫీ పొడి లాంటి నల్లటి మడ్డి. సీసా వంచితే నీళ్లు ముత్యాల్లా దొర్లుతున్నాయి. ఇదంతా ఇంజెక్టర్లలోకి పోకుండా ఆపింది ఈ డబ్బానేనా అని కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

కొత్తది బిగించి, సెన్సర్ పెట్టి, ఫోటో చూసి పైపులు తగిలించాను. ఫిల్టర్ మీదున్న చేతి పంపుని, లోపలి గాలి పోయి అది గట్టిపడేదాకా కొట్టి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టమని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. నేను పదిసార్లు కొట్టి ఆపేసి తాళం తిప్పాను. ఇంజన్ తిరుగుతుందే గానీ అందుకోదు. మళ్లీ తిప్పాను, మళ్లీ అంతే. సెల్ఫ్ మోత నీరసపడేసరికి టెన్షన్ పట్టుకుంది. షాపు కార్డు మీద నంబరుకి ఫోన్ చేస్తే, ఆదివారమైనా ఎత్తాడు. "పంపు గట్టిపడిందా అప్పా?" ఒకటే ప్రశ్న. వెళ్లి మళ్లీ కొట్టడం మొదలుపెట్టాను. మెత్తగా దిగిపోతున్న పంపు నలభై దాటాక బొటనవేలిని వెనక్కి తోసింది. ఈసారి బండి ఒక్కసారి వణికి, దగ్గి, అందుకుంది. తర్వాతి వారం మళ్లీ ఘాట్ ఎక్కాను, మూడో గేర్లోనే లాగింది.

కొట్టుకి అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఎందుకంటే, బిల్లు అడిగితేగానీ రాయలేదు, డబ్బా విప్పితే వాపసు లేదని డబ్బులిచ్చాక చెప్పారు. ఆదివారం కొట్టు మూత, శనివారం సాయంత్రం నిలబడేందుకు చోటుండదు. ఏసీ ఫిల్టర్ కూడా అడిగి చూశాను, అది మాత్రం ఆన్‌లైన్‌లోనే చవక.