పత్తికి చాళ్ల నీరా, ఒకే డ్రిప్పా, నేలని బట్టి వాల్వులా: ఏది మేలు?

విశాఖ గోపాలపట్నంలో మా పక్కింటాయన వాళ్ల ఊళ్లో ఈసారి పత్తి వేస్తున్నారు, డ్రిప్ వేయించాలా, చాళ్లలోనే పారించాలా, వీడియోల్లో చూపిస్తున్న సెన్సర్లు పెట్టించాలా అని అడిగారు. నేనైతే ముందు ఒకటే అడిగాను, మీ చేనంతా ఒకే నేలేనా అని. ఆయన ఆలోచనలో పడ్డారు. నాలుగేళ్ల కిందట మమ్మల్ని కూడా ఎవరైనా ఈ మాట అడిగుంటే ఎంత బాగుండేదో.

మా చేను రాజాం వైపు, నాలుగెకరాలు. శనివారం ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కి వెళ్తాను, మిగతా రోజులు నాన్నే చూసుకుంటారు. చేను కొంచెం వాలుగా ఉంటుంది, పైన రెండెకరాలు ఎర్ర గరువు (నీరు తొందరగా ఇంకిపోయే తేలిక నేల), కింద నల్లరేగడి, మధ్యలో రెండూ కలిసిపోయి ఉంటాయి. మన ఉత్తరాంధ్రలో కొండవార పొలాలు చాలావరకు ఇంతే, పైనున్న మెత్తటి మట్టి ఏళ్ల తరబడి వానకి కొట్టుకొచ్చి పల్లంలో చేరుతుంది. మీటరు లోతు గరువు మొక్కకి అందేలా దాచిపెట్టే నీళ్లు 100 మి.మీ. అటూఇటూ, అదే నల్లరేగడి అయితే 150 నుంచి 200 మి.మీ. దాకా దాస్తుంది. రెండింటికీ ఒకేలా నీళ్లు పెడితే ఏదో ఒకటి దెబ్బతింటుంది.

చాళ్లలో పారించడం గురించి ఎక్కువ చెప్పను. చేనంతా నల్లరేగడైతే, వానలు సరిగ్గా పడే చోటైతే, చాలు విడిచి చాలు పారించుకుంటే సరిపోతుంది, దానికోసం అప్పు చేయక్కర్లేదు. గరువులో మాత్రం నీరు చాలు చివరికి చేరేలోపే మొదట్లో ఇంకిపోతుంది, వేసిన యూరియా కూడా దాంతోపాటే కిందకి దిగిపోతుంది. వంద లీటర్లు వదిలితే వేరుకి అందేది 50, 60 లీటర్లు, డ్రిప్‌లో అది 90 దాకా వస్తుంది. అందుకే మేం డ్రిప్‌కి వెళ్లాం.

కానీ డ్రిప్ వేసినతను వచ్చి టేపు పట్టుకుని చేనుని నాలుగు సమాన ముక్కలు కోసేశాడు, నిలువుగా, పైనుంచి కిందకి. కాగితం మీద చూస్తే చాలా బాగుంది. కానీ ప్రతి ముక్కలో సగం ఎర్ర, సగం నల్ల. ఏ వాల్వు తిప్పినా రెండు నేలలకీ ఒకే నీరు. ఆ ఏడాది ఆగస్టులో వాన ముఖం చాటేసింది, పైనేమో మధ్యాహ్నానికే ఆకు వాలిపోయి పిందె రాలేది, కిందేమో ఆకు దట్టంగా పెరిగి గాలాడక గూడ (పూమొగ్గ) రాలేది. నాన్న ఫోన్ చేసి, "ఏట్రా ఇది, పైన ఎండిపోతంది, కింద మురిగిపోతంది, మనం నీళ్లు ఎవుడికి పెడతన్నాం" అన్నారు, ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది.

ఇక మూడోది, నేలని బట్టి వాల్వులు, అంటే ఏ నేలకి దాని వాల్వు. ఇది ఖర్చెక్కువ అనుకుంటారు, నేనూ అనుకున్నాను, లెక్క వేస్తే అర్థమైంది. లేటరల్ పైపులు (మొక్కల వరస వెంట పరిచే సన్న పైపులు) ఐదడుగులకి ఒకటి, వాటి మీద 50 సెంటీమీటర్లకి ఒక డ్రిప్పర్ (నీటి బొట్లు వదిలేది), ఒక్కో డ్రిప్పర్ గంటకి 2 లీటర్లు అనుకుంటే ఎకరానికి దగ్గరదగ్గర 5,300 డ్రిప్పర్లు, అంటే గంటకి 10,600 లీటర్లు. మా బోరు ఒకేసారి ఒక ఎకరానికి మించి లాగలేదు, అంటే ఎలాగూ ముక్కలు చేయాల్సిందే, ఎలాగూ నాలుగు వాల్వులు ఉండాల్సిందే! మరి ఆ గీత టేపు చెప్పినట్టు కాకుండా మట్టి మారిన చోట గీస్తే పెరిగేది కాస్త సబ్‌మెయిన్ పైపు (వాల్వు నుంచి లేటరళ్లకి నీళ్లు తెచ్చేది), అంతే. మేం తర్వాత మార్చుకున్నాం కాబట్టి పైపులు తవ్వి తీసిన కూలీ కూడా పడింది, మొదటే చేసుకుంటే అదీ ఉండదు.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది, ఎర్ర నేలకి నీళ్లు ఎక్కువ కావాలనుకుంటారు. కాదండీ, పూత కాయ మీద ఉన్న పత్తి ఎండ రోజుల్లో రోజుకి 5 మి.మీ. తాగుతుందనుకోండి, ఎకరానికి 20 వేల లీటర్లు, అది ఏ నేలైనా దాదాపు అంతే. తేడా అంతా ఎన్నాళ్లకి ఒకసారి పెడతామన్న దాంట్లోనే. గరువుకి రోజూ రెండు గంటలు, నల్లరేగడికి నాలుగైదు రోజులకి ఒకసారి ఎక్కువసేపు, నల్ల ముక్కల వంతు వేర్వేరు రోజుల్లో, ఒక్కో వంతు రెండేసి రోజులకి పంచి వేసుకుంటే 9 గంటల కరెంటులోనే అన్నీ సర్దుకుంటాయి. ఎరువు కూడా అంతే, గరువుకి వెంచురిలో (ఎరువుని డ్రిప్ నీళ్లలో కలిపే పరికరం) కొంచెం కొంచెంగా వారం వారం ఇస్తాం. ఇంకోటి, అక్టోబర్‌లో నల్లరేగడిని నిండుగా తడిపి ఉంచకూడదు, మన దగ్గర అది తుఫాన్ల నెల, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్‌లోనే వచ్చాయి. అప్పటికే నిండిన నేల మీద కుంభవృష్టి పడితే వేరుకి గాలాడక నిలబడ్డ మొక్క నిలబడ్డట్టే వాడిపోతుంది, ఆ వానకి నేలలో కొంచెం చోటు వదలాలి.

సెన్సర్ల మాటకొస్తే, చేనంతా పెట్టక్కర్లేదు, ఎర్ర దాంట్లో ఒకటి నల్ల దాంట్లో ఒకటి టెన్షియోమీటరు (నేల ఎంత ఆరిందో ముల్లుతో చూపించేది, అంకె పెరిగే కొద్దీ నేల ఆరినట్టు) అడుగు లోతులో పెడితే నాలాంటి చిన్న రైతుకి చాలు. గరువులో ముల్లు 25, 30 సెంటీబార్లకి రాగానే నీళ్లు వదులుతాం, నల్లరేగడిలో 50, 60 దాకా ఆగుతాం. నల్లరేగడి ఎండి బీటలిస్తే మాత్రం మట్టికి దానికి మధ్య సందు పడి రీడింగ్ తప్పు చూపిస్తుంది, కాబట్టి వారానికోసారి గునపంతో తవ్వి మట్టి ముద్ద కట్టి చూసుకోవాలి. అమెరికాలో గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చల్లే పెద్ద పివట్ యంత్రాల మీద ఒక్కో నాజిల్‌కి వేరువేరుగా నీళ్లు వదిలే ఏర్పాటు ఉంది, వందల ఎకరాలున్నవాళ్లకి అది, మన ముక్కలకి కాదు.

అందుకే పక్కింటాయనకి చెప్పాను, డ్రిప్ సబ్సిడీకి దరఖాస్తు పెట్టేముందే, చేను ఖాళీగా ఉండే వేసవిలో చేనులో పది చోట్ల రెండడుగుల గుంతలు తీయించండి, మట్టి రంగు, గట్టిదనం ఎక్కడ మారిందో అక్కడ కర్ర పాతండి, సర్వేకి వచ్చినతనికి ఆ కర్రలు చూపించి సబ్‌మెయిన్ దాని వెంటే వేయమని గట్టిగా అడగండి. వాల్వులన్నీ మాత్రం మోటారు షెడ్డు పక్కనే ఒక చోటికి తెప్పించుకోండి, మా నాన్న మోకాళ్ల నొప్పులతో చేనంతా తిరగలేక ఒక నెల అన్ని వాల్వులూ ఒకేసారి తెరిచి వదిలేశారు, చివర డ్రిప్పర్లకి నీళ్లే అందలేదు.