మైగ్రేన్‌కు మాత్రలు మితిమీరితే ఏది మేలు: ముందు మాత్రలు ఆపడమా, నివారణ మందు మొదలుపెట్టడమా?

నెలలో 15 రోజులు, అంతకుమించి తలనొప్పి ఉండి, మూడు నెలలకు పైగా మాత్రల మీదే నెట్టుకొస్తుంటే ఆ మాత్రే తలనొప్పిని పెంచుతోందని అనుమానించాలి. ఉత్త పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివైతే నెలకు 15 రోజులు, అంతకుమించి వాడటమే మితిమీరడం. మైగ్రేన్‌కే వాడే ట్రిప్టాన్లు, ఎర్గొటమైన్, నల్లమందు తరహా నొప్పి మందు ట్రమడాల్, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులే. లెక్కపెట్టాల్సింది రోజులను, ఒకే రోజు మూడు మింగినా ఒక రోజే. శారిడాన్ అట్ట వెనక్కి తిప్పి చూడండి: ప్రొపిఫెనజోన్, పారాసిటమాల్, కెఫీన్ కనిపిస్తాయి. కాబట్టి దానికి హద్దు 10.

మాత్రలు ఒక్కసారిగా మానేస్తే 2 నుంచి 10 రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. వాంతులు, నిద్రలేమి కూడా రావచ్చు. ట్రిప్టాన్ వాడినవారికి ఇది త్వరగా తగ్గుతుంది, మామూలు నొప్పి మాత్రలు వాడినవారికి ఎక్కువ రోజులు పడుతుంది. చాలామంది మూడో రోజుకే మళ్లీ మాత్ర అందుకుంటారు. అది మనోబలం లేకపోవడం కాదు. వాంతుల మాత్ర, కొన్నాళ్లకు వేరే తరగతి నొప్పి మందు డాక్టరు ముందే రాసిస్తే గట్టెక్కుతారు.

మాత్రలు ఆపకుండా నివారణ మందు (తలనొప్పి రాకుండా ముందుగా వాడేది) మొదలుపెట్టడం తేలిక. అమెరికాలో 720 మందిపై చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో అందరికీ నివారణ మందు ఇచ్చారు. అతిగా వాడే మాత్ర మార్చినవారికీ, కొనసాగించినవారికీ మూడో నెలలో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన తలనొప్పి రోజులు సుమారు 9 చొప్పునే ఉన్నాయి. 2020 నాటి డెన్మార్క్ పరీక్షలో 120 మందిని ఆరు నెలలు చూశారు. రెండూ కలిపి చేసినవారికి నెలకు తలనొప్పి రోజులు 12.3, నివారణ ఒక్కటే వాడినవారికి 9.9, ముందు మాత్రలు మాత్రమే ఆపినవారికి 8.5 తగ్గాయి. ఈ తేడాలు గణాంకాలకు నిలిచేంత పెద్దవి కావు. కానీ మాత్రల వల్ల వచ్చే తలనొప్పి పూర్తిగా పోయినవారు రెండూ చేసిన గుంపులోనే ఎక్కువ.

అందుకే మా ఓటు రెండూ కలిపి చేయడానికే. ఆపే ధైర్యం రానివారు కూడా నివారణ మందును వాయిదా వేయకూడదు. ముందు ఆపి, రెండు నెలలు ఆగి చూడటం అనవసరమైన బాధ.

ఎర్గొటమైన్ మాత్రం తప్పక మానాలి. వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కితే రక్తనాళాలు బిగుస్తున్నట్టే. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిస్తే మరీ ప్రమాదం. ట్రమడాల్ లాంటివి రోజూ వాడేవారు సొంతంగా, హఠాత్తుగా ఆపకూడదు.

నివారణ మందుల్లో ఒకటైన టోపిరమేట్ రోజుకు 25 మి.గ్రా.తో మొదలై వారానికి 25 చొప్పున 100 వరకు వెళ్తుంది. వేళ్లలో చిమచిమలు మామూలే. గర్భం దాల్చే అవకాశమున్నవారు ముందే చెప్పాలి. ఆస్తమా ఉంటే మరో నివారణ మందు ప్రొప్రనలాల్ వద్దు. పూర్తి మోతాదులో 8 వారాలు వాడకుండా 'పనిచేయలేదు' అనేయకండి.

క్యాలెండర్లో తలనొప్పి రోజుకు గీత, మాత్ర వేసుకున్న రోజుకు సున్నా పెట్టండి. తిరగబెట్టేది ఎక్కువగా మొదటి ఏడాదిలోనే గనుక, వారానికి రెండు సున్నాలు దాటకుండా ఏడాదంతా చూసుకోండి.