పైఆర్‌టీలిబ్: రెండు వానాకాలాలు వాడాక

పైఆర్‌టీలిబ్ ఒక పైథాన్ లైబ్రరీ: ఎత్తువారీగా గాలి పీడనం, వేడి, తేమ ఇస్తే వాతావరణం మైక్రోవేవ్‌లో ఎంత వెలుగుతుందో కెల్విన్లలో (ప్రకాశ ఉష్ణోగ్రతగా) లెక్కగడుతుంది. ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, ఆ జోలికి పోను. ఇది నచ్చడానికి కారణం ఒక్కటే: శోషణ మోడల్‌ని, అంటే ఏ ఫ్రీక్వెన్సీని గాలి ఎంత మింగేస్తుందో చెప్పే సూత్రాల్ని, ఒక్క లైనులో మార్చేయొచ్చు. రోసెన్‌క్రాంజ్ 1998 మోడల్ తీసేసి దాని తర్వాతి రూపం ఆర్19ఎస్‌డీ పెట్టి మళ్లీ రన్ చేస్తే, 22.235 గిగాహెర్ట్జ్ నీటియావిరి గీత ఎంత కదిలిందో అదే గ్రాఫ్ మీద కనిపిస్తుంది.

ఇక తేమ సంగతి. విశాఖలో ఎగరేసే వాతావరణ బెలూను పట్టికలో సాపేక్ష ఆర్ద్రత శాతంలో ఉంటుంది. పైఆర్‌టీలిబ్‌కేమో దశాంశం కావాలి: 82 కాదు, 0.82. వందతో భాగించడం మరిచిపోతే ఎర్రర్ రాదు, లెక్క దర్జాగా పూర్తవుతుంది. నేల మీంచి పైకి చూసే లెక్కలో (శాటిలైట్ ఆప్షన్‌ని ఫాల్స్ చేయాలి, చెప్పకపోతే ట్రూ) 20 నుంచి 31 గిగాహెర్ట్జ్ దాకా చానళ్లన్నీ 300 కెల్విన్ దగ్గర తిష్ఠ వేస్తాయి. కళింగపట్నం ఒడ్డున ఆగస్టు ఉక్క ఎరిగినవాళ్లకి అనుమానమే రాదు. ఈ గాలికి ఇంతే కాబోలు అనుకుంటాం. నిజానికి ఆవిరి వంద రెట్లయి ఆకాశానికి గోడ కట్టేసింది, లెక్కలో తేలేది మన నెత్తి మీది గాలి వేడి మాత్రమే. పట్టుకునే గుర్తు ఉంది. గ్రాఫ్‌లో 22.235 దగ్గర మూపురం కనబడాలి. మబ్బు లేని ఉక్క రోజున అక్కడ 90-100 కెల్విన్ ఉండి, 31కి వచ్చేసరికి సగానికి దిగాలి. మూపురం లేకుండా బల్లపరుపు గీత వచ్చిందంటే ముందు తేమ కాలమ్ చూడండి.

బెలూను ఆగిన ఎత్తున ఖాళీ గళ్లు వదిలేస్తే జవాబూ ఖాళీయే. 22 గిగాహెర్ట్జ్‌కైతే ఆ వరసలు కొట్టేసినా ఫర్వాలేదు. ఉపగ్రహం నుంచి చూసే 50-60 గిగాహెర్ట్జ్ ఆక్సిజన్ పట్టీకి మాత్రం పైభాగాన్ని ఉష్ణమండల ప్రామాణిక ప్రొఫైల్‌తో అతికించాలి; అది లైబ్రరీ లోపలే ఉంది.

మోడళ్లు మార్చే ముచ్చట కూడా ఇప్పుడు మునుపటంత లేదు. బెలూను పొద్దున 5:30కి, సాయంత్రం 5:30కి. ఈ మధ్యలో సముద్రపు గాలి తిరిగితే వచ్చే తేడా ముందు మోడళ్ల తేడా ఏపాటి? విజయనగరానికి విశాఖ ప్రొఫైల్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇచ్ఛాపురం దగ్గర విశాఖదా, భువనేశ్వర్‌దా అన్నదే తేలదు.

పరిక్షేపణం ఇందులో లేదు. 2018 తిత్లీ లాంటి తుపాను మేఘాల్లో 89 గిగాహెర్ట్జ్, ఆ పైన మంచు ముక్కలు కిరణాల్ని చెదరగొడతాయి. అక్కడ ఆ చెదరడాన్ని కూడా లెక్కగట్టే ఆర్ట్స్ గానీ ఆర్‌టీటీఓవీ-స్కాట్ గానీ, అలాంటి సాఫ్ట్‌వేర్ పట్టాలి. నా పని ఎక్కువగా మబ్బు లేని రోజులతో, అదీ పాత ల్యాప్‌టాప్ మీద, కాబట్టి ప్రస్తుతానికి దీంతో సర్దుకుపోతున్నా.