ట్రాక్టర్, ట్రాలీ ఇన్సూరెన్స్: ఇన్నేళ్లు కట్టి, క్లెయిమ్ చేసి చూశాక నా మాట

మాది పరకాల దగ్గర పల్లె. 2018 జూన్‌లో బాపు పేరు మీద 45 హార్స్‌పవర్ ట్రాక్టర్, ట్రాలీ తీసుకున్నాం. అప్పటి నుంచి ఇన్సూరెన్స్ ఒక్క ఏడు కూడా తప్పలేదు. ప్రభుత్వ రంగ కంపెనీలో చేయించాం, ప్రైవేటులో చేయించాం, ఏజెంటు దగ్గర కట్టాం, ఫోన్‌లోనూ కట్టాం. మధ్యలో ఓ పెద్ద క్లెయిమ్ కూడా అయింది. 2025 సెప్టెంబర్‌లో ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పటి నుంచి మా చుట్టుపక్కల కొత్త బండి కొందామనే మాట ఎక్కువగా వినబడుతోంది. ఆ మాట తీసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "ఇన్సూరెన్స్ యాడ తక్కువకు అయితది అన్నా?"

తక్కువకు ఎక్కడవుతుందో చెప్తాను. కానీ అంతకంటే ముందు పాలసీ కాగితంలో మూడు సంగతులు చూడాలి. ట్రాలీ నంబర్ ఉందా? నడిపే మనిషికి కవర్ ఉందా? బండిని దేనికి వాడతామని రాశారు? ఈ మూడూ సరిగా ఉన్న పాలసీలనే పక్కపక్కన పెట్టి ధర చూడాలి. ఇవి లేని పాలసీ ఎంత చౌకగా వచ్చినా అవసరానికి అక్కరకు రాదు.

ముందు డబ్బుల లెక్క. థర్డ్ పార్టీ అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి తీసుకునే బీమా. దాని ప్రీమియం కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఏ కంపెనీకి పోయినా అదే రేటు, అందులో బేరం లేదు. కాబట్టి ఎవరైనా "మా దగ్గర థర్డ్ పార్టీ అగ్గువ" అన్నారంటే ఏదో ఒకటి తీసేసి చెప్తున్నారని అర్థం. నేను చూసినంతలో ఆ తీసేసేది ఎక్కువగా ట్రాలీనే. బేరం ఉన్నదల్లా సొంత బండి నష్టానికి కట్టే భాగంలో, ఏజెంట్లు ఓడీ అనేదాంట్లో. అక్కడ కంపెనీకీ కంపెనీకీ తేడా బాగానే ఉంటుంది. మా బండికి అన్నీ కలిపి, జీఎస్టీతో సహా పదిహేను పదహారు వేల దగ్గర పడుతోంది. ఒట్టి థర్డ్ పార్టీ అయితే నాలుగైదు వేలు తగ్గుతుంది. ఆ నాలుగైదు వేలే దండగ అని మా ఊళ్లో చాలామంది లోన్ తీరగానే ఫుల్ పాలసీ మానేస్తారు.

ప్రీమియం తగ్గించడానికి ఏజెంట్లు చేసే ఇంకో పని ఐడీవీ తగ్గించడం. ఐడీవీ అంటే బండి పూర్తిగా పోతే కంపెనీ లెక్కకట్టే విలువ. కొత్త బండికి ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు తీస్తారు. ఐదేళ్లు దాటాక మనమూ కంపెనీ మాట్లాడుకుని ఖరారు చేసుకోవాలి. అక్కడే ఏజెంటు "లక్ష తగ్గిద్దాం, ప్రీమియం తగ్గుతది" అంటాడు. నేను లెక్క వేయించి చూశాను. లక్ష తగ్గిస్తే మిగిలేది వెయ్యి అటూ ఇటూ. బండి దొంగలపాలైతే మాత్రం ఆ లక్ష మన చేతి నుంచి పోయినట్టే. వరంగల్‌లో అలాంటి పాత బండి ఎంతకు అమ్ముడుపోతుందో ఇద్దరు ముగ్గురిని అడిగి ఆ ధరకు దగ్గరగా పెట్టించుకుంటున్నాను.

క్లెయిమ్ లేని ఏళ్లకు నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 50 శాతం దాకా పెరుగుతుంది. గడువు దాటి 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే అది మొత్తం పోతుంది. పత్తి డబ్బులు రాలేదనో, మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉందనో ఆగి ఇట్లా పోగొట్టుకున్నవాళ్లు మా దగ్గర ఉన్నారు. ఇక చిన్నచిన్న వాటికి, అంటే లైటు పగిలిందనీ మడ్‌గార్డు వంగిందనీ క్లెయిమ్‌కు పోవద్దు. వచ్చేదానికంటే పోయే బోనస్సే ఎక్కువ. పైగా ట్రాక్టర్ లాంటి బండ్ల పాలసీలో లైట్లు, టైర్లు, మడ్‌గార్డులు, బానెట్, పెయింటు మామూలుగా కవర్ కావు. వాటికి ఐఎంటీ 23 అని విడిగా ప్రీమియం కట్టాలి. మడ్‌గార్డుల మీద ఎప్పుడూ ఏదో ఒక బరువుండే మన బండ్లకు అది తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు ట్రాలీ. ట్రాక్టర్‌కు ఒక ఆర్‌సీ, ట్రాలీకి ఇంకో ఆర్‌సీ. రెండు నంబర్లు. పాలసీలో రెండూ కనపడాలి. ఫోన్‌లో పాలసీ తీసుకున్న ఏడు ఇది కళ్లారా చూశాను. ట్రాక్టర్ నంబర్ కొట్టగానే వివరాలన్నీ వాటంతటవే వచ్చాయి, ధర చూపించింది, కట్టేయమంది. ట్రాలీ కలిపే గడి కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని నొక్కితేనే అసలు ధర బయటపడింది. మా చుట్టాల్లో ఒకరికి ఈ సంగతే కోర్టు దాకా వెళ్లింది. రాత్రిపూట రోడ్డు పక్కన వడ్ల లోడుతో ఆపిన ట్రాలీకి వెనుక నుంచి బైక్ తగిలింది. ట్రాక్టర్‌కు పాలసీ ఉంది, ట్రాలీ నంబర్ అందులో లేదు. కంపెనీ వకీలు ఆ ఒక్క మాటే పట్టుకుని వాదిస్తున్నాడు. వరంగల్‌లో వాయిదాలు నడుస్తూనే ఉన్నాయి. ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్లు కూడా అంతే ముఖ్యమని ఆ కేసు చూశాకే మా ఊరికి అర్థమైంది.

నడిపే మనిషి సంగతి. ఓనర్ కమ్ డ్రైవర్‌కు 15 లక్షల ప్రమాద బీమా తప్పనిసరి, 2018 చివర్లో ఆ మొత్తం అంతకు పెంచారు. కానీ అది ఆర్‌సీలో పేరుండి, చేతిలో లైసెన్స్ ఉన్న మనిషికే. మన దగ్గర ఏమవుతుంది? భూమి పాస్‌బుక్ తండ్రి పేరు మీద, లోన్ తండ్రి పేరు మీద, బండి తండ్రి పేరు మీద. నడిపేది కొడుకు. మా బాపుకు లైసెన్స్ లేదు, స్టీరింగ్ ఎన్నడూ పట్టలేదు. ఆయన పేరు మీద ఈ కవర్‌కు డబ్బులు తీసుకున్నారు, నాకేమో ఏ కవరూ లేదు. ఈ సంగతి అడిగితే ఆ పాలసీ చేసిన ఏజెంటు "అందరికీ గట్లనే చేస్తం" అన్నాడు. ఆర్‌సీ నా పేరు మీదికి మార్పించుకున్నాం. బోనస్ మనిషికి చెందింది, బండికి కాదు కాబట్టి బాపు పేరు మీదున్న బోనస్ నాకు రాలేదు. అయినా సరే, రోజూ బండి మీద కూర్చునేవాడికి 15 లక్షల కవర్ ఉండడమే నాకు ముఖ్యం. జీతగాడు నడిపే ఇళ్లలో డ్రైవర్‌కు విడిగా కట్టే కవర్ ఉంటుంది. చాలా తక్కువ డబ్బు, అడిగి మరీ రాయించుకోండి. "రైతుబీమా ఉన్నది కదా" అనేవాళ్లకు ఒక మాట. రైతుబీమా పట్టాదారు చనిపోతే ఇంటివాళ్లకు వచ్చే ఐదు లక్షలు. మన బండి కింద పడ్డవాళ్లకు గానీ మన జీతగాడికి గానీ దాంతో సంబంధం లేదు.

లైసెన్స్ గురించి భయపడేవాళ్లున్నారు. ట్రాక్టర్ లైసెన్స్ ఉన్నవాడు ట్రాలీ తగిలించినంత మాత్రాన అనర్హుడు కాడని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. అసలు లైసెన్సే లేకపోతే మాత్రం ఏ తీర్పూ కాపాడదు.

మా క్లెయిమ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2023 జులై చివరి వానలు ఇటువైపు వాళ్లెవరూ మరిచిపోరు. ములుగు దగ్గర లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి మునిగింది, వరంగల్ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. మా బండి బాయికాడ షెడ్డులో ఉంది. వాగు పొంగి సీటు దాకా నీళ్లెక్కాయి. నీళ్లు తీసిన పొద్దున మెకానిక్ వచ్చి సెల్ఫ్ కొట్టబోయాడు. మా ఏజెంటు ఫోన్‌లో గట్టిగా అరిచాడు: "అన్నా, తాళంచెవి ముట్టకు! నీళ్లున్న ఇంజన్ స్టార్ట్ చేస్తే రాడ్డు వంగుతది, అది నువ్వే చేసిన నష్టమంటరు, పైసా రాదు." ఆ మాట మాకు వేలు మిగిల్చింది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగులో ఉంది. అలాగే ఫొటోలు తీశాం. గోడ మీద బురద గీత, మీటర్, ఛాసిస్ నంబర్, నాలుగు పక్కలా బండి. ఆ రోజే ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్నాం.

నష్టం లెక్కకట్టే సర్వేయర్ రావడానికి వారం పైనే పట్టింది. జిల్లా అంతా మునిగితే సర్వేయర్లు మాత్రం ఎందరుంటారు, అది అర్థం చేసుకోవచ్చు. వచ్చినాయన పద్ధతిగా చూశాడు. ఆయన చూసేదాకా ఒక్క నట్టు కూడా విప్పలేదు. బండిని షోరూం వర్క్‌షాప్‌కు లాగించాం. సెల్ఫ్ మోటార్, డైనమో, బ్యాటరీ, వైరింగ్, క్లచ్ ప్లేటు, ఇంకా ఆయిళ్లు, ఫిల్టర్లు, లేబర్.

బిల్లులో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. చాలామంది ఇక్కడే కంపెనీని తిడతారు. లెక్క తెలిస్తే కోపం రాదు. బ్యాటరీ, రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు బండి వయసుతో పనిలేకుండా 50 శాతం కోత. ఇనుప సామాన్లకు వయసును బట్టి పెరుగుతుంది. నాలుగేళ్లు దాటితే 35 శాతం, ఐదేళ్లు దాటితే 40. మాది ఐదేళ్లు దాటి నెలే అయింది, 40 పడింది. లేబర్‌కు కోత లేదు. ఆయిళ్లు, ఫిల్టర్లు ఇవ్వలేదు. నాకు అభ్యంతరం ఉన్నదల్లా డబ్బులు రావడానికి పట్టిన కాలం, హెల్ప్‌లైన్‌లో తెలుగు మాట్లాడే మనిషి దొరకకపోవడం. వానాకాలం కరిగెట దున్నే రోజుల్లో బండి వర్క్‌షాప్‌లో పడి ఉంటే కిరాయి బండ్లు పెట్టుకోవాలి, ఆ ఖర్చు ఏ పాలసీలోనూ రాదు. అయినా ఆ నాలుగైదు వేలు దండగ అనేవాళ్లకు నేను చూపించేది ఈ బిల్లే.

ఇక మూడో సంగతి, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది. మిర్చి ఏరే రోజుల్లో పొద్దున్నే మా రోడ్డు మీద నిలబడి చూడండి. ట్రాలీల్లో ఇరవై, ముప్పై మంది ఆడవాళ్లు, టిఫిన్ డబ్బాలతో, కొందరు పిల్లల్ని పట్టుకుని. మేడారం జాతర వస్తే ట్రాలీ మీద తాటిపత్రి కప్పి, కింద గడ్డి పరిచి ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. ఎడ్లబండ్ల కాలం నుంచి వచ్చిన అలవాటు, భక్తితో చేసే పని, నేను కాదనను. కానీ పాలసీలో వ్యవసాయ పనులకు అని రాసి ఉంటుంది. ట్రాక్టర్ మీద సీటు డ్రైవర్ ఒక్కడిదే. ట్రాలీ సామానుది. అందులో ఎక్కినవాళ్లకు ఆ పాలసీ వర్తించదు. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాలీ మీది నుంచి పడ్డ కూలీ కేసులో 2007లో సుప్రీంకోర్టు, కంపెనీకి బాధ్యత లేదని తేల్చింది. ఆ కూలీ బీదతనం చూసి, ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. అంటే చివరకు కట్టాల్సింది యజమానే, ఉన్న ఎకరం అమ్మి అయినా. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ కాల్వలో పడి ఎందరు ఆడబిడ్డలు పోయారో మనందరం టీవీల్లో చూశాం.

లోడింగ్, అన్‌లోడింగ్ కూలీలకు అదనంగా కట్టి తీసుకునే కవర్ ఉంది, నేను తీసుకున్నాను. అది పనిచేసే కూలీలకు, పరిమిత సంఖ్యకు. ముప్పై మందిని ఎక్కించుకోవడానికి కాదు. మిర్చి ఏరేవాళ్లను తేవడానికి మేము ప్యాసింజర్ ఆటోలు మాట్లాడుతున్నాం. ఖర్చు పెరిగింది, నిజం. పక్క చేనువాళ్లతో కలిసి మాట్లాడుకుంటే కొంత తగ్గుతోంది. ఇసుక, ఇటుక కిరాయికి తోలేవాళ్లు ఆ సంగతి కంపెనీకి చెప్పి దానికి తగ్గ పాలసీ తీసుకోండి. ప్రీమియం ఎక్కువ పడుతుంది, కానీ వ్యవసాయం అని రాయించి ఇసుక తోలితే ఆ పాలసీ ఉన్నా లేనట్టే.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు 14 రోజుల్లోపు పాలసీ పేరు మార్చుకోవాలి. పాత ఓనర్ పేరు మీదే ఉంచి తిప్పితే సొంత బండి నష్టానికి చిక్కు వస్తుంది.

ఎక్కడ తీసుకోవాలన్న మాటకు నా జవాబు: హన్మకొండలో ఆఫీసు ఉన్న కంపెనీ, క్లెయిమ్ అయినప్పుడు ఫోన్ ఎత్తే ఏజెంటు. ఇంటర్నెట్‌లో నాలుగైదు వందలు తక్కువకు దొరికింది కానీ వరద రోజున నాకు పనికొచ్చింది మనిషే. కంపెనీ అన్యాయం చేసిందనిపిస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. నెల రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారి ఉన్నారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255కు ఫోన్ కూడా చేయొచ్చు.

ఈ ఏడు మళ్లీ అదే ఏజెంటు దగ్గర, రెండు నంబర్లతో, ఐఎంటీ 23తో, కూలీల కవర్‌తో చేయించాను. ఎవరికైనా పాలసీ కాపీ చదవడం ఇబ్బందైతే ఫొటో తీసి పెట్టండి, పేర్లు నంబర్లు చెరిపేసి. ఏది ఉందో ఏది లేదో చూసి చెప్తాను.