నాటుకోళ్లకు కొక్కెర తెగులు టీకా: చుక్కా, సూదా?

సంక్రాంతి దగ్గర పడుతోందంటే మా పాలకొల్లు వైపు కోళ్ల కబుర్లు తప్ప ఇంకో కబురుండదు. డేగ పుంజు ఎంత పలికింది, నెమలి పుంజుకు బాదంపప్పు ఎన్ని పెడుతున్నారు, అదే గొడవ. ఆ కబుర్లు చెప్పే మనిషినే "టీకా వేయించావా?" అని అడగండి, "ఆ, నీళ్లలో కలిపి పెట్టేశాంలెండి" అంటాడు. చిక్కంతా ఆ నీళ్ల దగ్గరే ఉంది.

కొక్కెర తెగులు ఒకసారి దొడ్లోకి దిగిందంటే మందు లేదు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి గురక, మెడ మెలి తిరిగిపోవడం, నాలుగు రోజుల్లో గంపలు ఖాళీ. ఇది వైరస్ కాబట్టి మెడికల్ షాపు కాప్సూళ్లు దాన్ని ఏమీ చేయలేవు. మిగిలింది టీకా. అందులో మనం ఎక్కువగా వినే పేర్లు రెండు: నీళ్లలోనో కంట్లో చుక్కగానో వేసే లసోటా, సూదితో పొడిచే ఆర్‌2బి.

రెండింట్లోనూ ఉండేది బతికున్న వైరస్సే. లసోటా పుట్టుకతోనే మెతక రకం. 1946లో అమెరికాలోని న్యూజెర్సీలో లసోటా అనే రైతు ఫారంలో దొరికింది, ఆయన పేరే దానికి నిలిచిపోయింది. ఆర్‌2బి మన దేశంలో తయారైంది. 1927లో కుమావ్ కొండల్లోని రాణీఖేత్‌లో ఈ జబ్బు బయటపడింది, డాక్టర్లు రాణికెట్ అనేది అందుకే. అదే కొండల్లో ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనశాలలో ఆ వైరస్‌ను పొదిగే గుడ్లలో మళ్లీ మళ్లీ పెంచి పదును తగ్గించారు. తగ్గించారే గానీ పూర్తిగా తీసేయలేదు. సూదికి ఏడాది దాకా బలం ఉండేదీ, కోడిపిల్లల మీద అది తిరగబడేదీ ఆ మిగిలిన పదును వల్లే.

నీళ్లలో లసోటా ఫారం కోళ్లకు చక్కగా పనికొస్తుంది. షెడ్డులో గంటో రెండు గంటలో దాహం పెట్టి, తర్వాత టీకా నీళ్లు వదిలితే అన్నీ తాగుతాయి. మన కోళ్లు అలా తాగుతాయా? పంటబోదెలో ఓ గుక్క, కొబ్బరి పాదులో ఓ గుక్క, అంట్లు తోమే చోట ఇంకో గుక్క. మనం పెట్టిన ముంత వైపు చూసేవి నాలుగే. పైగా కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు టీకా వైరస్ చచ్చిపోతుంది. దొడ్లో తిరిగే కోళ్లకు నీళ్ల పద్ధతి దండగ అని నా లెక్క.

అదే లసోటా కంట్లో చుక్కగా వేస్తే కథ వేరు. తల్లిని గంప కింద మూసి, వారం పిల్లను గుప్పిట్లోకి తీసుకుని తల పక్కకు వంచాలి. కంటి మీద ఒక్క చుక్క. వెంటనే వదలకూడదు, అది కన్ను ఆర్పేదాకా, చుక్క లోపలికి ఇంకేదాకా ఆగాలి. పన్నెండు పిల్లలకు పావుగంట పట్టదు. అయ్యాక చేతులు కడుక్కోండి. ఆ చేత్తో కళ్లు నులుముకుంటే మనకే కళ్లకలక.

ఇక సూది. రెండేళ్ల కిందట నేను ఆశపడ్డాను. ఎలాగూ ఏడాది పనిచేస్తుందిగా, చుక్కలెందుకని నెల పిల్లలకు నేరుగా ఆర్‌2బి పొడిపించాను. వారం తిరక్కుండా ఐదు పిల్లలు కాళ్లు ఈడ్చాయి. ఈ సూది ఎనిమిది వారాలు దాటాకే వేయాలి, ముందు చుక్కలు పడినవాటికైతే ఇంకా మంచిది. గుడ్లు పెడుతున్న పెట్టకు వేస్తే గుడ్లు తగ్గుతాయి, దానికి లసోటా చుక్కే నయం.

అందుకని రెంటిలో ఒకటి ఎంచుకోవడం కాదు, వరస ముఖ్యం. వారం వయసులో ఒక చుక్క, నాలుగో వారంలో ఇంకోటి, రెండు నెలలు దాటాక రెక్క కింద అర ఎంఎల్ సూది. చుక్కలు ఎలాగూ తప్పిపోయి ఎదిగిన పుంజులే ఉన్నాయంటే నా ఓటు సూదికే. రాత్రి గూట్లో పట్టుకుని వేయొచ్చు, ఏదీ తప్పించుకోదు. నలతగా ఉన్నదాన్ని మాత్రం వదిలేయండి.

టీకా సీసాను చల్లగా ఉంచే ఐస్ సంగతి మర్చిపోవద్దు. ఒక షాపులో సీసాను ఉత్త పాలిథిన్ కవర్లో వేసిచ్చారు, మధ్యాహ్నం ఎండలో! తిరిగిచ్చేశాను. రొయ్యల చెరువులున్న ఊళ్లో ఐస్ గడ్డకు కరువేంటి? సీసా కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. చిన్న సీసాలోనే వంద డోసులుంటాయి కాబట్టి మా వీధిలో ఐదారిళ్ల వాళ్లం కలిసి కొంటున్నాం.

ఇంకొకటి. ఇప్పుడు తిరుగుతున్న వైరస్ రకాలు ఈ పాత టీకా రకాలకు కొంచెం దూరపు చుట్టాలు. టీకా పడిన కోడి జబ్బు పడకపోవచ్చు గానీ రెట్టలో వైరస్‌ను వదలగలదు. సంతలో కొన్నదాన్నీ, పందెం బరికి వెళ్లొచ్చినదాన్నీ రెండు వారాలు విడిగా కట్టేయమనేది అందుకే. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్లలో తేలిన బర్డ్ ఫ్లూ వేరే వైరస్. దానికి చుక్కా పనిచేయదు, సూదీ పనిచేయదు. ఉన్నట్టుండి కోళ్లు వరసగా రాలిపోతుంటే ఇది కొక్కెరేలే అని కోసుకు తినకుండా పశువుల డాక్టరుకు కబురు పెట్టండి.