పెరట్లో నీళ్ళు నిలుస్తుంటే ఏది మేలు: గడ్డి కాలువా, చిల్లుల పైపా, ఇంకుడు గుంతా?

వాన వెలిసి రెండు రోజులైనా పెరట్లో నీళ్ళు అలాగే ఉంటే, ఎవరిని అడిగినా ఠక్కున వచ్చే సలహా ఒకటే: "ఒక పైపు పాతించెయ్యండి, పీడా పోతుంది." పైపు పాతడం తప్పేమీ కాదు. కానీ ఆ పైపులోకి నీళ్ళు ఎలా చేరతాయి, చేరినవి ఎక్కడ బయటపడతాయి అన్న రెండింటికీ జవాబు లేకుండా గునపం పట్టుకుంటే, డబ్బు పెట్టి భూమి లోపల ఇంకో మడుగు కట్టుకున్నట్టే అవుతుంది. నా మటుకు నేను స్థలం ఉన్నచోట పైకి కనిపించే కాలువకే ఓటేస్తాను. మిగతావన్నీ దాని తర్వాతే.

అసలు ఏ పనీ అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. గట్టి వాన తర్వాత ఒక రోజు నీళ్ళు నిలిచి ఇంకిపోతున్నాయంటే వదిలేయండి. దోమ గుడ్డు దశ నుంచి రెక్కలు వచ్చేదాకా సాధారణంగా వారం పది రోజులు పడుతుంది కాబట్టి, ఒకటి రెండు రోజుల్లో ఆరిపోయే మడుగులో దోమలు పెరిగే టైమ్ ఉండదు. గడ్డి కూడా ఆ మాత్రం తట్టుకుంటుంది. గోడకు ఆనుకుని నిలిచే నీళ్ళ సంగతి వేరు, అక్కడ ఒక పూట కూడా ఉపేక్షించకూడదు. ఇక వానలే లేని రోజుల్లో కూడా ఒకేచోట తడి ఉంటే అది చాలాసార్లు డ్రైనేజీ సమస్య కాదు, ఎక్కడో పైపు లీకవుతూ ఉండొచ్చు. కుళాయిలన్నీ కట్టేసి నీటి మీటరు చూడండి. ముల్లు కదులుతుంటే దొంగ దొరికినట్టే.

మిగిలినవాళ్ళు ముందుగా చేయాల్సింది, వాన కురుస్తుండగా గొడుగు వేసుకుని బయట నిలబడటం. వెలిశాక చూస్తే మడుగు మాత్రమే కనిపిస్తుంది. కురుస్తున్నప్పుడు చూస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపిస్తుంది. చాలాసార్లు దోషం నేలది కాదు, పైకప్పు నుంచి దిగే గొట్టానిది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్ళు. 100 చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్లు. అంతా ఒకటి రెండు గొట్టాల గుండా గోడ మొదట్లో పడుతుంటే ఏ నేల తట్టుకుంటుంది? ఆ గొట్టానికి మూడు మీటర్ల పైపు తగిలించి పల్లం వైపు వదిలితే కొన్ని ఇళ్ళలో కథ అక్కడితో అయిపోతుంది.

అయిపోకపోతే, చూడాల్సింది వాటం. ఇంటి గోడ దగ్గర నుంచి మూడు మీటర్ల దూరంలో నేల కనీసం 15 సెంటీమీటర్లు కిందికి దిగాలి. చప్టా లాంటి గట్టి నేలకైతే మీటరుకు రెండు సెంటీమీటర్లు చాలు. కంటికి చదునుగా కనిపించే నేల చాలాసార్లు ఇంటివైపే వాలి ఉంటుంది, అందుకే కంటిని నమ్మకుండా మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో లెవెల్ పట్టి చూడండి. మట్టి పోసి సరిచేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. గోడ పక్కన ఇసుక పోయకూడదు, నీళ్ళు దాని గుండా నేరుగా పునాదికే దిగుతాయి. కాస్త బంకగా ఉన్న మట్టి వేసి దిమ్మిస కొట్టాలి. రెండోది, గోడలోకి చెమ్మ ఎక్కకుండా వేసే డీపీసీ పొరకు కనీసం 15 సెంటీమీటర్ల కిందే మట్టి ఆగాలి. ఆ పొరను మట్టితో కప్పేస్తే పెరట్లో నీళ్ళు పోతాయి, ఇంట్లో చెమ్మ మొదలవుతుంది.

ఇప్పుడు అసలు పోటీ. గడ్డి కాలువ అంటే గోతిలా నిటారుగా తవ్వేది కాదు, వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పల్లం. లోతు 15 సెంటీమీటర్లు, ఇరుపక్కలా ఒకటికి మూడు చొప్పున, అంటే ఒక సెంటీమీటరు దిగడానికి మూడు సెంటీమీటర్ల వెడల్పు పట్టేలా వాలు ఇస్తే పైన వెడల్పు 90 సెంటీమీటర్లు వస్తుంది. దాని మీద నడవొచ్చు, గడ్డి కోసే మిషన్ కూడా నడపొచ్చు. అడుగున నూటికి ఒకటి రెండు వంతుల వాటం, అంటే పది మీటర్లకు పది నుంచి ఇరవై సెంటీమీటర్లు ఉంటే నీళ్ళు నిదానంగా కదులుతాయి. మరీ ఏటవాలైతే మట్టి కోసుకుపోతుంది, అక్కడక్కడా రాళ్ళు పేర్చాలి. గడ్డి బాగా అల్లుకునేదాకా పెద్ద వాన వస్తే కొంత మట్టి పోతుంది కూడా. నడకదారికి అడ్డం వస్తే ఆ మేరకు కింద ఒక పైపు వేయక తప్పదు. ఇరుకు స్థలాల్లో 90 సెంటీమీటర్లు వదులుకోవడం కూడా తేలిక కాదు. ఇన్ని లోపాలున్నా నేను దీన్నే ముందు చెప్పడానికి కారణం ఒకటుంది: ఇందులో ఏం చెడినా కంటికి కనిపిస్తుంది. ఆకులు అడ్డుపడ్డా, ఒకచోట పూడినా, పార పట్టుకుని పావుగంటలో సరిచేసుకోవచ్చు.

కంకర కాలువలో చిల్లుల పైపు, అంటే ఫ్రెంచ్ డ్రెయిన్, చూడటానికి నీటుగా ఉంటుంది. పైన గడ్డి, కింద అంతా దాచిన పని. 1859లో హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ అనే అమెరికా న్యాయవాది పొలాల డ్రైనేజీ మీద రాసిన పుస్తకంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. ఆ మూలం గుర్తుంచుకుంటే దీన్ని ఎక్కడ వాడాలో తెలుస్తుంది. ఇది మట్టి లోపల ఊరే నీటిని లాగడానికి పుట్టింది, పైన నిలిచిన మడుగును మింగడానికి కాదు. ఎగువ నుంచి నేలలో ఊట దిగుతున్న చోట, మట్టిని ఆపే గోడ వెనక, కాలువకు చోటులేని సన్నటి సందుల్లో దీనికి సాటి లేదు. కానీ నల్లరేగడి లాంటి బంకమట్టిలో గంటకు ఒకటి నుంచి ఐదు మిల్లీమీటర్ల నీరే ఇంకుతుంది. పైపు అడుగున ఖాళీగా ఎదురుచూస్తుంటుంది, మడుగు పైన హాయిగా కూర్చుంటుంది. అలాంటి నేలలో కంకరను పైదాకా తెరిచి ఉంచితేనే ఫలితం.

పనివాళ్ళు చేస్తున్నప్పుడు పక్కనే ఉండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. తవ్విన కాలువలో ముందు జియోటెక్స్‌టైల్ గుడ్డ, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ పరవాలి, అది కంబళిలా మెత్తగా ఉండే రకమైతే మంచిది. దాని మీద డస్టు లేకుండా కడిగిన 20 ఎంఎం కంకర, ఆపై పైపు, మళ్ళీ కంకర, చివరికి గుడ్డ అంచులు రెండూ పైన కలిసేలా మడవాలి. గుడ్డ మానేస్తే సన్నమట్టి కంకర సందుల్లోకి చేరి కొన్నేళ్ళలో అంతా గట్టిపడుతుంది, తవ్వితే గానీ తెలియదు. చిల్లులు ఒకవైపే ఉన్న పైపైతే ఆ వైపు కిందికి ఉండాలి. పైకి పెడితే నీళ్ళు బాగా పోతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి నీరు కాలువ అడుగు నుంచి పైకి లేస్తుంది. చిల్లులు కిందుంటే కాస్త లేవగానే పైపులోకి దూరుతుంది, పైనుంటే పైపు మునిగేదాకా పక్క మట్టి నానుతూనే ఉంటుంది. ఇంకో మాట: కప్పు మీది నీటిని తెచ్చి ఈ చిల్లుల పైపులో కలపొద్దు. ఆరబెట్టాలనుకున్న మట్టినే తడిపినట్టవుతుంది. దానికి చిల్లుల్లేని పైపు వేరుగా వేయాలి.

ఇక చాలా పైపు పనులు బోల్తాపడేది చివర్లో. 20 మీటర్ల పైపుకు నూటికి ఒక వంతు వాటం ఇస్తే చివరికి 20 సెంటీమీటర్లు దిగుతుంది. మొదట్లో 45 సెంటీమీటర్ల లోతున ఉంటే చివర 65. ఆ చివర అంతకంటే పల్లంగా ఉన్న చోటులో తెరుచుకోవాలి. మీ స్థలం పళ్ళెంలా చదునుగా ఉంటే ఆ చోటు ఎక్కడుంది? పక్కవాళ్ళ గోడ కిందికి వదలడం తగవు కొనితెచ్చుకోవడమే. సెప్టిక్ ట్యాంకులోకి వదిలితే అదే పొంగుతుంది. ఈ లెక్క కాగితం మీద తేలనిదే పైపు కొనొద్దు.

బయటపడే దారి లేనివాళ్ళకు మిగిలేది ఇంకుడు గుంత. దీన్ని నేల ఒప్పుకోవాలి. 30 సెంటీమీటర్ల లోతు గుంత తీసి నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, ఒక స్కేలు గుచ్చి, గంటకు ఎంత దిగిందో చూడండి. 25 మిల్లీమీటర్లకు పైగా దిగితే నిశ్చింత. 12 కూడా దిగకపోతే ఆ ఆలోచన మానుకోవచ్చు. తవ్వుతుండగానే అడుగున నీరు ఊరితే అసలే వద్దు. సైజు విషయంలో మాత్రం భ్రమలు ఎక్కువ. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంతలో కంకర నింపితే ఖాళీ మిగిలేది నూటికి నలభై వంతుల లోపే, అంటే మహా అయితే 600 లీటర్లు. పైన చెప్పిన 2,500 లీటర్ల కప్పు నీటిలో పావు వంతు! మిగతాది పొంగి ఎటు పోవాలో కూడా ముందే అనుకోవాలి. గుంత ఇంటి గోడకు మూడు మీటర్ల దూరంలోనైనా ఉండాలి.

నలువైపులా చప్టా ఉండి మధ్యలో పల్లమైతే పెద్దగా ఆలోచించేదేమీ లేదు. ఆ పల్లంలో జాలీ మూత ఉన్న చిన్న ఛాంబర్ కట్టి, చిల్లుల్లేని పైపుతో బయటికి తీయాలి. పైపు నోరు ఛాంబర్ అడుక్కి కాస్త పైన ఉంటే ఒండ్రు అడుగునే ఆగుతుంది. జాలీ మీది ఆకులు తీసే ఓపిక లేనివాళ్ళు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది.

పైన చెప్పినవాటిలో ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవాలనీ లేదు. గోడ పక్కన వాటం, అక్కణ్ణుంచి గడ్డి కాలువ, ఆ కాలువ చివర పీల్చుకునే నేల ఉంటే ఒక గుంత: ఈ వరసలో చేసుకుంటూ పోతే, ఒక్కో అడుగు తర్వాత ఒక వాన చూసి, తర్వాతిది అవసరమో కాదో తేల్చుకోవచ్చు. తవ్వేముందు కరెంటు కేబుళ్ళు, నీటి పైపులు ఎటు పోతున్నాయో కనుక్కోండి. కాలువ తవ్విన మట్టిని బయట పారబోయకండి, గోడ పక్కన వాటానికి ఎలాగూ మట్టి కావాలి.