ఆగమన కాలంలో పసిపిల్లలతో: తలుపుల క్యాలెండరా, కొవ్వొత్తుల వలయమా?

నవంబరు సగం దాటేసరికి చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ ఇదే ప్రశ్న అడుగుతుంటారు: క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలాన్ని ఇంట్లో పాటించడానికి రోజుకొక చిన్న తలుపు తెరిచే ఆడ్వెంట్ క్యాలెండర్ మేలా, ఆకుల చుట్టులో నాలుగు నిలబెట్టి ఆదివారానికొకటి చొప్పున అదనంగా వెలిగించే కొవ్వొత్తుల వలయం మేలా, రోజుకొక బైబిలు కథ గుర్తును వేలాడదీసే యెష్షయి చెట్టు మేలా? 2022లో ఈ మూడింటినీ ఒకేసారి మొదలుపెట్టి, డిసెంబరు 10 నాటికి మూడింటిలోనూ వెనకబడిన ఇల్లు మాది. ఆ మరుసటి ఏడాది నుంచి ఒక్కదానితోనే సరిపెట్టుకుంటున్నాం. కనుక నా మొగ్గు ఎటువైపో చదువుతుండగానే తెలిసిపోతుంది. అయినా మిగతా రెండింటికీ దక్కవలసిన మెప్పు దక్కాలి.

క్యాలెండర్‌ను వ్యాపారులు పుట్టించిన వస్తువుగా కొట్టిపారేయడం న్యాయం కాదు. 19వ శతాబ్దంలో జర్మనీలోని ప్రొటెస్టంట్ కుటుంబాలు తలుపు మీద 24 సుద్దగీతలు గీసి, రోజుకొకటి చొప్పున పిల్లల చేత చెరిపించేవి. అచ్చు క్యాలెండర్లు ఆ తరువాత వచ్చాయి. మూడేళ్ల పిల్లకైనా రోజుకొక తలుపు అంటే ఇట్టే అర్థమవుతుంది, అంకెలు గుర్తుపట్టడం అలవాటవుతుంది, పెద్దలు ముందుగా సిద్ధం చేయవలసినదీ ఏమీ ఉండదు. చిక్కంతా తలుపు వెనక ఉన్నదానితోనే వస్తుంది. మా చిన్నది మూడో తారీఖు ఉదయాన తొమ్మిదో తలుపు దాకా తెరిచేసి, మూతినిండా చాక్లెట్‌తో, తనకేమీ తెలియదన్నట్టు క్యాలెండర్ ముందే కూర్చుని దొరికింది. దాన్ని తప్పుపట్టలేకపోయాను. ఎదురుచూపును 24 చిన్న చిన్న లాభాలుగా ముక్కలు చేసి చేతికిస్తే, ఇక ఎదురుచూడడానికి మిగిలేదేముంటుంది? పైగా ఒకసారి తెరిచిన తలుపు వెనక మళ్లీ చూడవలసినదేమీ ఉండదు. చాక్లెట్ బదులు బొమ్మో, చిన్న వాక్యమో పెడితే ఈ లోపం సగానికి సగం తగ్గుతుంది. ఇద్దరు పిల్లలకు ఒకే తలుపు ఉన్నప్పుడు జరిగే తగవు మాత్రం తగ్గదు.

యెష్షయి (దావీదు రాజు తండ్రి) మొద్దు నుంచి చిగురు పుట్టడం గురించిన, బైబిలులోని యెషయా గ్రంథం 11వ అధ్యాయపు మాట యెష్షయి చెట్టుకు మూలం. మధ్యయుగంలో చర్చి కిటికీల రంగుటద్దాల మీద ఈ చెట్టునే క్రీస్తు వంశవృక్షంగా చిత్రించారు. ఇళ్లలో దీన్ని పాటించేవారు సృష్టితో మొదలుపెట్టి నోవహు, అబ్రాహాము, యోసేపు, రూతు, దావీదుల మీదుగా బేత్లెహేము దాకా రోజుకొక కథ చెప్పి, కథకొక గుర్తును కొమ్మకు వేలాడదీస్తారు. విషయపరంగా మూడింటిలో ఇదే ఘనమైనదని ఒప్పుకోవాలి. అయితే ఇది ఒక్క రోజు తప్పినా బాకీ పెట్టే పద్ధతి: జ్వరం వచ్చో, ప్రయాణం పడో మూడు రోజులు జారిపోతే, నాలుగో రాత్రి నిద్రకళ్ల పిల్లవాడికి నాలుగు కథలు గుక్కతిప్పకుండా చెప్పవలసి వస్తుంది, లేదా యోసేపు లేకుండానే మోషే దగ్గరికి వెళ్లవలసి వస్తుంది. ఏడెనిమిదేళ్లు నిండి, కథను తామే చదివి వినిపించగల పిల్లలుంటే నేను దీన్నే ముందు పెడతాను. అంతకన్నా చిన్నవాళ్లకు తొందర లేదు.

కొవ్వొత్తుల వలయం విషయంలో నాకు నిర్ణాయకమని తోచినది వేరే ఉంది. పసిపిల్లలకు కాలం కంటికి కనిపించదు. ఇంకా పదిహేను రోజులున్నాయని చెప్పినా, యాభై రోజులున్నాయని చెప్పినా వాళ్లకు ఒకటే. ఆ కాలాన్ని కంటికి కనిపించేట్టు చేసే పనిలో మిగతావాటికన్నా ఇది ఒక మెట్టు పైన ఉంది. మొదటి ఆదివారం వెలిగించిన కొవ్వొత్తినే రెండో ఆదివారమూ, మూడో ఆదివారమూ మళ్లీ వెలిగిస్తాం కదా. రెండో వారం మా నాలుగేళ్లవాడు బల్ల అంచుకు గడ్డం ఆనించి చాలాసేపు చూసి, “ఇదెందుకు పొట్టిదైపోయింది?” అని అడిగాడు. వారం రోజులు ఎంతసేపో వాడికి నేను అంతకుముందు ఎన్ని విధాల చెప్పినా ఎక్కలేదు. వేలెడు కరిగిపోయిన మైనం చూసి ఎక్కింది. నాలుగో ఆదివారానికి ఆ నాలుగూ మెట్ల వరుసలా నిలబడతాయి. గడిచిన కాలమూ, రాబోయే రోజూ రెండూ ఒకే చోట కనిపిస్తాయి, ముందు వెలిగించినదేదీ ఖాళీ తలుపులా పనికిరాకుండా పోదు.

మొదటి కొవ్వొత్తిని చాలామంది నిరీక్షణ అని పిలుస్తారు. తెలుగు బైబిలు చదివే ఇళ్లలో ఈ మాట ఒక వరం, ఎందుకంటే ఆశకూ ఎదురుచూపుకూ మనకు ఒకే పదం సరిపోతున్నది. రెండింటికీ ఉన్న సంబంధాన్ని పిల్లలకు వేరుగా వివరించనక్కరలేదు. మూడు ఊదారంగువీ ఒక గులాబీరంగుదీ పెట్టే సంప్రదాయంలో ఆ గులాబీది మూడో ఆదివారానికి, అంటే సంతోషానికి చెందినది. రంగులు దొరకకపోతే నాలుగూ తెల్లవే పెట్టవచ్చు.

వలయానికి లోపాలు లేవనను. నిప్పు నిప్పే: ఎండిన ఆకులు తొందరగా అంటుకుంటాయి కాబట్టి ఆకుల కంటే ఎత్తుగా ఉండే లోహపు స్టాండ్లు వాడాలి, వెలిగించేదీ ఆర్పేదీ పెద్దలే కావాలి, గదిలో ఎవరూ లేనప్పుడు ఒక్క నిమిషమైనా వెలుగుతూ ఉంచకూడదు. నడక నేర్చే బిడ్డ ఉన్న ఇంట్లో బ్యాటరీ కొవ్వొత్తులే క్షేమం, కాని అవి ఎన్నటికీ పొట్టివి కావు, కాబట్టి నేను పైన మెచ్చుకున్న గుణం వాటికి ఉండదు. రెండో లోపం, ఆదివారానికీ ఆదివారానికీ మధ్య ఆరు రోజులు పసివాళ్లకు మరీ దూరం.

ఈ రెండో లోపానికి మందు వలయం పుట్టుకలోనే ఉంది. హాంబుర్గ్‌లో నిరుపేద పిల్లలకు ఆశ్రయమిచ్చిన యోహాన్ హిన్రిక్ విఖర్న్ అనే పాస్టరు, పండుగ ఎప్పుడని పిల్లలు రోజూ అడుగుతుంటే, 1839లో ఒక బండిచక్రం మీద ఆదివారాలకు 4 పెద్ద తెల్ల కొవ్వొత్తులూ, మిగతా రోజులకు 20 చిన్న ఎర్ర కొవ్వొత్తులూ నిలబెట్టాడు. ఇళ్లలోకి వచ్చేసరికి చిన్నవి రాలిపోయి పెద్దవే మిగిలాయి. మేము ఆ చిన్నవాటి స్థానంలో వలయం చుట్టూ ఎర్ర కాగితపు చుక్కలు పెట్టి, రాత్రి భోజనమయ్యాక రోజుకొకటి తీయిస్తున్నాం. ఒక రోజు మరిచిపోతే, దానిదీ కలిపి మర్నాడు రెండు తీస్తే సరిపోతుంది. చెప్పలేకపోయిన కథ ఏదీ బాకీ ఉండదు. క్యాలెండర్‌లోని లెక్క ఇలా లంచం లేకుండానే దొరుకుతుంది.

చిన్నా చితకా పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి. మంచిపని చేసినప్పుడల్లా ఖాళీ పశువుల తొట్టిలో ఒక గడ్డిపరక వేయడం చూడడానికి ముచ్చటగానే ఉంటుంది కాని, మా ఇంట్లో అది రెండో రోజుకే పరకల పోటీ అయింది. మరియ, యోసేపుల బొమ్మలను గదిలో ఒక మూల నుంచి రోజుకు కొంచెం చొప్పున పశువుల పాక వైపు జరపడం సరదాగా ఉంటుంది, ఏ పద్ధతికైనా జతచేయవచ్చు.

వలయాన్ని ఎంచుకునేవారు ఒక్కటి ముందే చూసుకోవాలి. క్యాలెండర్ సాధారణంగా డిసెంబరు 1నే మొదలవుతుంది. ఆగమన కాలం మాత్రం నవంబరు 27 మొదలు డిసెంబరు 3 లోపు వచ్చే ఆదివారంతో మొదలవుతుంది, 2026లో అది నవంబరు 29. అందువల్ల నాలుగో వారం ఏటా ఒకే నిడివిలో ఉండదు. 2023లో నాలుగో ఆదివారమే డిసెంబరు 24 అయి, చివరి కొవ్వొత్తికి ఒక్క సాయంత్రమే దక్కింది. మిగతా మూడూ కరిగి, అదొక్కటే పొడుగ్గా నిలబడి ఉంటే మావాడికి జాలేసింది. క్రిస్మస్ రాత్రీ, ఆ మర్నాడూ కూడా దాన్నే వెలిగించాం.